సిమ్ మూగబోతే రూటర్ ఏం చేయాలి?

ఈ రోజుల్లో సెల్‌ఫోను మనుషులకే కాదు, యంత్రాలకు కూడా ఉంది. బావి దగ్గరి మోటారును ఇంట్లో కూర్చునే ఆన్ చేసే మొబైల్ స్టార్టర్లను మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. దాని లోపల ఒక సిమ్ ఉంటుంది. ఏటీఎం, వాన కొలిచే కేంద్రం, కరెంటు సబ్‌స్టేషన్, మంచినీటి ట్యాంకు వంటివి చాలాచోట్ల కేబుల్ వేయడానికి వీలుకాని దూరంలో ఉంటాయి. అలాంటివి సిమ్ ద్వారానే తమ కబురు పంపుతుంటాయి. ఈ కబురు మోసే పెట్టెనే సెల్యులార్ రూటర్ అంటారు.

మన చేతిలోని ఫోనుకు నెట్ రాకపోతే మనం ఏం చేస్తాం? ఫ్లైట్ మోడ్ పెట్టి తీస్తాం. ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. సిమ్ తీసి తుడిచి మళ్లీ పెడతాం. రీచార్జి అయిపోయిందేమో చూస్తాం. మిద్దె ఎక్కి చూస్తాం. ఏదీ కుదరకపోతే పక్కవాడి ఫోను అడుగుతాం. ఈ ఆరు పనులూ మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. కానీ నలభై కిలోమీటర్ల దూరాన గోడకు బిగించిన పెట్టె దగ్గర ఈ పనులు చేసే మనిషి ఉండడు. ఆ మనిషి చేసే పనుల్లో వీలైనన్ని పెట్టె తనంతట తాను చేసుకునేట్టు ఏర్పాటు చేయాలి. మిగిలినవి పెట్టె బిగించే రోజే మనం చేసి రావాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే.

మేము ముగ్గురం పి.జి. ప్రాజెక్టు కోసం ఒక గ్రామ మంచినీటి పథకం వద్ద నీటిమట్టం సమాచారం పంపే ఏర్పాటు మీద కొన్ని నెలలు పనిచేశాము. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ గడప దాటిన వాళ్లం మేమే మొదటివాళ్లం. ఈ విషయాలు తెలుగులో చెప్పేవారు దొరక్క మేము పడ్డ ఇబ్బంది తర్వాత వచ్చే తమ్ముళ్లకు ఉండకూడదని ఇది రాస్తున్నాము.

రూటర్ లోపల ఏముంటుంది?

బయటికి చూస్తే అది పలక అంత ఇనుప లేదా ప్లాస్టిక్ పెట్టె. లోపల ఒక మోడెమ్, ఒకటి లేదా రెండు సిమ్‌లు పెట్టే చోటు, చిన్న కంప్యూటర్ ఉంటాయి. ఒకవైపు యాంటెన్నా, మరోవైపు మీటర్లు, సెన్సార్లు తగిలించే పోర్టులు ఉంటాయి. సాధారణంగా 12 వోల్టుల కరెంటుతో నడుస్తుంది.

సిమ్ ద్వారా నెట్ రావాలంటే రెండు ముడులు పడాలి. మొదటిది, మోడెమ్ దగ్గరలోని టవరుతో మాట్లాడి కంపెనీ నెట్‌వర్క్‌లో తన పేరు నమోదు చేయించుకోవాలి. రెండోది, ఏపీఎన్ అనే ద్వారం పేరు చెప్పి డేటా కనెక్షన్ తెరిపించుకోవాలి. అప్పుడే దానికి ఐపీ చిరునామా దొరుకుతుంది. హాస్టల్ భాషలో చెప్పాలంటే రిజిస్టరులో పేరు ఎక్కడం వేరు, మెస్సులో కంచంలోకి అన్నం రావడం వేరు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. మొదటి ముడి బిగిసే ఉంటుంది, రెండోది జారిపోయి ఉంటుంది.

ఎక్కడెక్కడ తెగుతుంది?

"సిమ్ పనిచేయడం లేదు" అని ఒక్క మాటలో అనేస్తాం. కానీ ఆ మాట వెనుక కనీసం అయిదు వేర్వేరు జబ్బులున్నాయి. ఏ జబ్బుకు ఆ మందు వేయాలి కాబట్టి ముందు వీటిని విడదీసి చూద్దాం.

1. కరెంటు: రూటరున్న చోట కరెంటు పోవచ్చు, టవరు దగ్గర పోవచ్చు. టవరుకు బ్యాటరీలు, డీజిల్ జనరేటర్ ఉంటాయి కానీ అవి కూడా కొన్ని గంటల తర్వాత చేతులెత్తేస్తాయి. రూటరుకు మాత్రం చిన్న బ్యాటరీ చాలు. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. రూటర్ 5 వాట్లు తింటుందనుకుంటే లెక్క ప్రకారం 16 గంటలకు పైగా రావాలి. బ్యాటరీ పాతబడటం, ఎండ వేడి అన్నీ తీసేసినా పది పన్నెండు గంటలకు ధోకా ఉండదు.

2. సిగ్నల్: సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే మైనస్ అంకెలతో కొలుస్తారు. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. 4జీలో మైనస్ 80 ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టమన్నట్టు. ఇనుప పెట్టెలో యాంటెన్నాను కూడా పెట్టి మూత వేస్తే సిగ్నల్‌ను మనమే అడ్డుకున్నట్టు. యాంటెన్నా బయట, ఎత్తులో ఉండాలి. దాని కేబుల్ పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరిగి రావాలి. అప్పుడు వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది. లేకపోతే కేబుల్ వెంబడి లోపలికి దిగి కనెక్టర్‌ను తుప్పు పట్టిస్తుంది. మిద్దె ఎక్కి చూసే పని పెట్టె చేయలేదు. అది బిగించే రోజున మనమే చేయాలి.

3. సిమ్: రీచార్జి గడువు తీరుతుంది. ఎండకు, దుమ్ముకు సిమ్ పిన్నులు పాడవుతాయి. అందుకే ఎక్కువ వేడిని తట్టుకునే పారిశ్రామిక సిమ్‌లు, సర్క్యూట్ మీదనే అతికించే సిమ్‌లు వచ్చాయి. మన దేశంలో యంత్రాల కోసం ప్రత్యేకంగా 13 అంకెల నంబర్లతో ఎం2ఎం సిమ్‌లు ఇచ్చే పద్ధతి 2018 జూలైలో మొదలైంది. మామూలు ప్రీపెయిడ్ సిమ్ వాడితే ఒక చిక్కుంది. 90 రోజులపాటు ఏ రకంగానూ వాడకుండా, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకుండా ఉంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. అదనంగా పెట్టిన రెండో సిమ్ విషయంలో ఇది ఎంత ప్రమాదమో ముందు చూద్దాం.

మరో సంగతి. సిమ్ బాగానే ఉన్నా మోడెమ్ కాలం చెల్లిపోవచ్చు. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోకు మొదటి నుంచీ 2జీ, 3జీ లేవు. ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీని ఎత్తివేసింది. కాబట్టి 3జీ వరకే తెలిసిన పాత రూటర్ ఎయిర్‌టెల్ సిమ్‌తో 2జీకి దిగజారుతుంది, జియో సిమ్‌తో అసలు లేవదు.

4. డేటా కనెక్షన్: ఇది చాలాసార్లు జరిగేది, కంటికి కనపడనిది. నెట్‌వర్క్ వైపు కనెక్షన్ మూసుకుపోతుంది, రూటర్ మాత్రం తాను ఇంకా కనెక్షన్‌లోనే ఉన్నాననుకుంటుంది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఒక్క అక్షరం కూడా బయటికి పోదు.

5. కంపెనీ లోపలి నెట్‌వర్క్: టవరు నిలబడే ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, కంపెనీ గుండెకాయ ఆగిపోతుంది. ఇంగ్లండ్‌లో 2018 డిసెంబరు 6న ఓ2 కంపెనీకి ఇదే జరిగింది. ఎరిక్‌సన్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో కోట్లాది ఫోన్లకు డేటా ఆగింది. వాటితోపాటు లండన్ బస్‌స్టాపుల్లో బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపే బోర్డులు కూడా ఆగాయి. వాటిలో ఉన్నవి ఆ కంపెనీ కనెక్షన్లే. జపాన్‌లో 2022 జూలై 2న కేడీడీఐ కంపెనీ నెట్‌వర్క్ దెబ్బతిని 60 గంటలకు పైగా ఇబ్బంది పెట్టింది. ఫోన్లతోపాటు వాతావరణ కేంద్రాల సమాచారం, కొన్ని ఏటీఎంలు కూడా దెబ్బతిన్నాయి. ఇలాంటప్పుడు మన రూటరును వందసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు.

తెగిందని తెలిసేదెలా?

వైద్యం కంటే ముందు రోగం తెలియాలి. గీతలను, లైట్లను నమ్మకూడదని పైన చూశాం. నమ్మదగిన పద్ధతి ఒక్కటే, బయటికి కేక వేసి బదులు వస్తుందో లేదో చూడటం. దీన్నే పింగ్ అంటారు. రూటర్ ప్రతి నిమిషానికీ బయట ఉన్న ఒక చిరునామాకు చిన్న పలకరింపు పంపుతుంది. బదులు వస్తే దారి ఉన్నట్టు.

ఇక్కడ మూడు జాగ్రత్తలున్నాయి. ఒకటి, ఒక్క చిరునామానే పలకరించకూడదు. ఆ చిరునామావాడే పడుకుంటే మన దారి తెగిందని పొరబడతాం. అందుకే గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1, మన సొంత సర్వర్, ఇలా మూడింటిని అడగాలి. రెండు, ఒక్కసారి బదులు రాకపోతేనే కంగారు పడకూడదు. మూడింటి నుంచీ వరుసగా మూడుసార్లు బదులు రాకపోతేనే తెగిందని తీర్మానించాలి. మూడు, పై రెండూ పలికి మన సర్వర్ ఒక్కటే పలకకపోతే తప్పు సిమ్‌ది కాదు. అప్పుడు సిమ్ మార్చడం దండగ.

పింగులకు డేటా ఎంత ఖర్చవుతుందని అనుమానం రావచ్చు. మామూలుగా ఒక పింగ్ పోయి రావడానికి 168 బైట్లు పడుతుంది. నిమిషానికి మూడు చొప్పున రోజుకు సుమారు 7 లక్షల 26 వేల బైట్లు, నెలకు సుమారు 22 ఎంబీ. ఒక సినిమా పాట వీడియో చూసినంత కూడా కాదు.

మెట్లు మెట్లుగా వైద్యం

జలుబుకు ఆపరేషన్ చేయరు. తేలిక మందుతో మొదలుపెట్టి, తగ్గకపోతేనే పై మందుకు పోతారు. రూటరుకు కూడా ఈ మెట్లు ముందే నేర్పి పెట్టాలి.

మొదటి మెట్టు: డేటా కనెక్షన్ ఒక్కదాన్నే మూసి మళ్లీ తెరవడం. పైన చెప్పిన నాలుగో జబ్బు చాలావరకు ఇక్కడే నయమవుతుంది.

రెండో మెట్టు: మోడెమ్‌ను పడుకోబెట్టి లేపడం. మనం ఫ్లైట్ మోడ్ పెట్టి తీసినట్టే. మోడెమ్ టవరును కొత్తగా వెతుక్కుంటుంది, పేరు మళ్లీ నమోదు చేయించుకుంటుంది.

మూడో మెట్టు: రెండో సిమ్‌కు మారడం. పక్కవాడి ఫోను అడిగినట్టే.

నాలుగో మెట్టు: రూటర్ మొత్తాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడం.

అయిదో మెట్టు: బయటినుంచి కరెంటే తీసి పెట్టడం. రూటర్ తనను తాను ఆపుకోలేనంతగా బిగుసుకుపోయినప్పుడు ఇది పనికొస్తుంది. దీనికి టైమరున్న చిన్న రిలే చాలు. నెట్ చాలాసేపు లేకపోతే అది పది సెకన్లు కరెంటు కత్తిరించి మళ్లీ ఇస్తుంది.

ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఓపిక ఉండాలి. మోడెమ్ లేచి టవరును పట్టుకోవడానికే కొన్నిసార్లు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆలోపే పై మెట్టు ఎక్కితే ఏ మందూ పనిచేయడానికి టైము ఇవ్వనట్టే. అన్ని మెట్లూ ఎక్కినా దారి రాకపోతే మొదట 5 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు, ఆపైన గంట, ఇలా విరామం పెంచుకుంటూ పోవాలి. కంపెనీ నెట్‌వర్కే పడిపోయిన రోజున మన పెట్టె రెండు నిమిషాలకోసారి ఆగి లేస్తూ ఉంటే దానికి తగిలించిన మీటర్ల పని కూడా చెడుతుంది.

రాత్రి కాపలాదారు

ఈ మెట్లన్నీ ఎక్కాల్సింది రూటరులోని సాఫ్ట్‌వేరే కదా, అదే నిద్రపోతే? దీనికోసం వాచ్‌డాగ్ అనే ఏర్పాటు ఉంది. పూర్వం కొన్ని హాస్టళ్లలో కాపలాదారు గంటకోసారి గంట కొట్టేవాడు. గంట వినపడకపోతే వాడు నిద్రపోయాడని వార్డెన్‌కు తెలిసిపోయేది. వాచ్‌డాగ్ కూడా అంతే. అది సాఫ్ట్‌వేరుతో సంబంధం లేకుండా నడిచే చిన్న గడియారం. సాఫ్ట్‌వేర్ బాగున్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి దాన్ని తడుతూ ఉండాలి. తట్టడం ఆగిందంటే సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయిందని అర్థం. వాచ్‌డాగ్ ఎవరినీ అడగకుండా రూటరును రీసెట్ చేసేస్తుంది. పెట్టె కొనేటప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో తప్పక అడగాలి.

రెండో సిమ్ ఎలాంటిది ఉండాలి?

రెండు సిమ్‌ల రూటర్ కొన్నామంటే నిశ్చింత అని చాలామంది అనుకుంటారు. మేము నేర్చుకున్న ముఖ్య విషయం ఇక్కడే ఉంది. రెండో సిమ్ మొదటిదానితోపాటే చచ్చేదైతే అది ఉన్నా లేనట్టే.

ఒకే కంపెనీవి రెండు సిమ్‌లు పెడితే కంపెనీ పడిపోయిన రోజున రెండూ పడిపోతాయి. కాబట్టి వేర్వేరు కంపెనీలు కావాలి. అదొక్కటే చాలదు. మన దేశంలో టవర్లను చాలావరకు కంపెనీలు పంచుకుంటాయి. 2007లో ఏర్పడిన ఇండస్ టవర్స్ వంటి సంస్థలు ఒకే ఇనుప స్తంభాన్ని పలు కంపెనీలకు అద్దెకిస్తాయి. అంటే సిమ్‌లు వేర్వేరైనా స్తంభం ఒకటే, బ్యాటరీ ఒకటే, జనరేటర్ ఒకటే కావచ్చు. పెట్టె బిగించేముందు చుట్టూ ఎన్ని టవర్లున్నాయో చూసి, ఏ సిమ్ ఏ వైపు టవరును పట్టుకుంటుందో పరీక్షించాలి. రెండు సిమ్‌లకు రెండు టవర్లు దొరికే చోటే యాంటెన్నాకు సరైన చోటు.

జపాన్ వాళ్లు కూడా ఇదే దారి పట్టారు. 2022 అనుభవం తర్వాత కేడీడీఐ, సాఫ్ట్‌బ్యాంక్ అనే రెండు పోటీ కంపెనీలు 2023లో ఒకరి ఖాతాదారులకు మరొకరి నెట్‌వర్క్‌ను అదనపు లైనుగా ఇచ్చే పథకం మొదలుపెట్టాయి. ఆపదలో పోటీదారే ఆసరా అన్నమాట.

రెండో చిక్కు, వాడని సిమ్ చచ్చిపోవడం. మొదటి సిమ్ ఏడాదిపాటు చక్కగా పనిచేస్తే రెండోదాన్ని ఎవరూ ముట్టుకోరు. రీచార్జి మరచిపోతారు. 90 రోజుల నిబంధన కింద అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అవసరం పడిన రోజున తలుపు తట్టితే లోపల ఎవరూ ఉండరు. అందుకే వారానికోసారి, పని తక్కువగా ఉండే వేళ, రూటర్ కావాలనే రెండో సిమ్‌కు మారి, ఒక రీడింగు పంపి, వెనక్కి రావాలి. ఆ రీడింగు రాకపోతే రెండో సిమ్ పోయిందని మొదటి సిమ్ బతికి ఉండగానే తెలుస్తుంది.

మూడో చిక్కు, వెనక్కి రావడం. రెండు సిమ్‌లకూ ఒకటే మోడెమ్ ఉంటే ఒకసారికి ఒక సిమ్‌తోనే నెట్ వాడగలం. రెండోదాని మీద ఉన్నప్పుడు మొదటిది బాగయిందో లేదో చూడాలంటే రెండోదాన్ని వదలాల్సిందే. తొందరపడి అయిదు నిమిషాలకోసారి వెనక్కి పోయి చూస్తే పెట్టె రెండు పడవల మీద కాలు పెట్టినట్టు ఊగుతూ ఉంటుంది. గంటకోసారో, రాత్రి రెండు గంటలప్పుడో ఒక్కసారి ప్రయత్నించేట్టు పెట్టడం మంచిది. ఆసుపత్రి, ఏటీఎం వంటి చోట ఆ ఒకటి రెండు నిమిషాలు కూడా ఆగడానికి వీల్లేకపోతే రెండు మోడెమ్‌లున్న రూటర్ తీసుకోవాలి. దాని ధర ఎక్కువ, కానీ రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

దూరం నుంచి చేయి పెట్టేటప్పుడు

సిమ్ ద్వారా వచ్చే ఐపీ చిరునామా చాలావరకు కంపెనీ లోపలి చిరునామా. బయటినుంచి దానికి నేరుగా కాల్ చేయలేం. కాబట్టి రూటరే మన సర్వరుకు కాల్ చేసి, వీపీఎన్ అనే సొరంగం తెరిచి ఉంచాలి. ఏమీ మాట్లాడకుండా ఉంటే కంపెనీ ఆ దారిని మూసేస్తుంది. అందుకే 25 సెకన్లకోసారో, కాస్త అటూ ఇటుగానో ఒక చిన్న ఉనికి కబురు పంపుతూ ఉండాలి. సిమ్ మారితే చిరునామా కూడా మారుతుంది. కాబట్టి సర్వర్ ఆ పెట్టెను చిరునామాతో కాకుండా దానికిచ్చిన రహస్య తాళంచెవితో గుర్తుపట్టాలి.

డేటా పోయినా ఎస్సెమ్మెస్ అందే సందర్భాలున్నాయి. చాలా రూటర్లు "రీబూట్ అవు" అన్న ఎస్సెమ్మెస్ వస్తే పాటిస్తాయి. ఆ సౌకర్యాన్ని మన నంబరుకు మాత్రమే పరిమితం చేసి వాడుకోవాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే వైరస్ మార్చని పాస్‌వర్డులనే ఆసరా చేసుకుని లక్షలాది రూటర్లను, కెమెరాలను తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన చేతిలోనే ఉంది. దూరం నుంచి సెట్టింగు మారుస్తూ, తాను లోపలికి వచ్చిన దారినే మూసేయడం. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది ఇలాగే. నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల నెట్‌వర్క్ దారులన్నీ తెంపేసింది. దూరం నుంచి సరిచేయడానికి ఆ దారులే లేకపోవడంతో ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. అంతటి కంపెనీకే తప్పలేదు. దీనికి మంచి విరుగుడు ఉంది. ఏ మార్పు చేసినా పది నిమిషాల్లో మనం "సరే" అని మళ్లీ చెప్పకపోతే రూటర్ తనంతట తాను పాత సెట్టింగుకు వెళ్లిపోయేట్టు పెట్టుకోవాలి. దారి మూసుకుపోతే మనం "సరే" అనలేం, పది నిమిషాల్లో పాత దారి తిరిగి వస్తుంది.

అన్ని దారులూ పోయిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ సేవలు రెండూ కుప్పకూలాయి. అలాంటి రోజున ఎన్ని సిమ్‌లున్నా ఒకటే. కాబట్టి నెట్ లేకపోయినా యంత్రం పని ఆగకూడదనేది చివరి సూత్రం. ట్యాంకు నిండితే మోటారు ఆపాలన్న నిర్ణయం పట్నంలోని సర్వరులో కాదు, ట్యాంకు దగ్గరే ఉండాలి. రీడింగులను పెట్టె తనలోనే దాచుకుని, దారి వచ్చాక టైముతో సహా వరుసగా పంపాలి. పావుగంటకొక రీడింగు, ఒక్కోదానికి 50 బైట్లు అనుకుంటే ఏడాది మొత్తం రెండు ఎంబీలో ఇమిడిపోతుంది. కరెంటు పోయినా గడియారం తప్పకుండా లోపల ఒక చిన్న బటన్ సెల్ ఉండాలి.

మేము పనిచేసిన ఊళ్లో చూసిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మేము వెళ్లేనాటికి అక్కడ పాత పెట్టె ఒకటి ఉండేది. దాని కనెక్షన్ తెగిపోయినా ఆఫీసులోని కంప్యూటర్ చివరగా వచ్చిన అంకెనే చూపిస్తూ ఉండేది. ఒకసారి "ట్యాంకు నిండుగా ఉంది" అని రెండు రోజులు తెర మీద పచ్చగా కనపడింది. నిండుగా ఉంది కదా అని నీళ్లు వదలలేదు. ఉన్న నీళ్లు ముందున్న వీధులతోనే అయిపోయాయి. ఊరి చివరి కాలనీకి చుక్క రాలేదు. ఆ రెండు రోజులూ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల్లోని బోరుకు నడిచారు. అడగడానికి పోతే తెర చూపించి, నిండుగా ఉందిగా అన్నారు. ఊరి చివరి కాలనీ అంటే ఎవరిదో ఈ హాస్టల్లో చదివిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సిమ్ తెగడం తప్పు కాదు, ఏదైనా తెగుతుంది. తెగిన సంగతి దాచిపెట్టడం తప్పు. అందుకే మేము పెట్టిన ఏర్పాటులో ప్రతి అంకె పక్కన అది ఎప్పటిదో టైము పడేట్టు చేశాము. అరగంటకు పైగా కొత్త అంకె రాకపోతే పాత అంకె చెరిగిపోయి "సమాచారం లేదు" అని ఎర్రగా వస్తుంది. "తెలియదు" అని చెప్పడం కూడా సమాచారమే. అది చూసినవాడు కనీసం ఊళ్లోకి ఫోను చేసి అడుగుతాడు.

గుర్తుంచుకోవలసినవి

1. లైట్లను నమ్మకూడదు. పింగ్ చేసి, కనీసం మూడు చోట్ల అడిగి నిర్ధారించుకోవాలి.
2. తేలిక మందుతో మొదలుపెట్టి మెట్లు ఎక్కాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆగాలి.
3. రెండో సిమ్ వేరే కంపెనీది, వీలైతే వేరే టవరుది కావాలి. వారానికోసారి దాన్ని వాడి చూడాలి.
4. వాచ్‌డాగ్, చిన్న బ్యాటరీ, బయటి యాంటెన్నా తప్పనిసరి.
5. దూరం నుంచి చేసే ప్రతి మార్పుకూ వెనక్కి వచ్చే దారి ఉండాలి.
6. నెట్ లేకపోయినా పని సాగాలి, రీడింగులు దాగాలి, తెర నిజం చెప్పాలి.

తమ్ముళ్లూ! ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద కాలేజీ, ఖరీదైన ల్యాబు ఉండాలన్న భయం పెట్టుకోవద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా రకాల పాత రూటర్లలో నడుస్తుంది. అలాంటి పాత రూటర్ ఒకటి దొరికితే పైన చెప్పిన వాటిలో చాలావాటిని స్వయంగా చేసి చూడవచ్చు. అదీ లేకపోతే కంప్యూటర్ ల్యాబులో పింగ్ 8.8.8.8 అని కొట్టి, వైరు పీకి, బదులు ఆగడం చూడండి. వైరు మళ్లీ పెట్టి ఎన్ని సెకన్లకు బదులు వచ్చిందో లెక్కపెట్టండి. ఊరూరా ట్యాంకులు, మోటార్లు, మీటర్లు సిమ్‌ల మీద నడిచే రోజులివి. వాటిని బిగించేవాళ్లు, బాగుచేసేవాళ్లు కావాలి. ఆ పెట్టె అవతలి చివర ఎవరి బిందె ఖాళీగా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ పనిలోకి వస్తే పని ఇంకా బాగుంటుంది.